పట్టదగిన చేప – విడువదగిన చేప

తెలుగునాట ఓనమాలు రాని పిల్లలకు సైతము వచ్చిన కథ యొకటి కలదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చిరి. ఎండబెట్టగా ఆరు ఎండినవి, ఒకటి ఎండలేదు. ఏల ఎండలేదని చేపను అడిగిన ప్రశ్న గడ్డిమేటును, ఆవును, పశులకాపరిని, అవ్వను, ఏడ్చు పిల్లవానిని దాటి తుదకు చీమ పుట్ట యొద్ద ఆగును. ఒక కార్యమునకు వెనుక ఒక కారణము, దానికి వెనుక మరియొక కారణము ఉండునని బోధించుటకు ఇంతకంటె చక్కని కథ లేదని ఉపాధ్యాయులు ఎరుగుదురు.

అయితే ఆ కథలో ఒక చిన్న లెక్క కలదు. దానిని సామాన్యముగా ఎవరును గమనింపరు. పోయినవారు ఏడుగురు, తెచ్చినవి ఏడు. మనిషికి ఒక్కటి. వారు రాజకుమారులు, వలలకును పడవలకును పరిజనమునకును కొదువ లేనివారు. బండ్లకొలది తేగలిగియు ఏడింటితో తిరిగి వచ్చిరి. కథ కల్పించిన పెద్దలు ఈ లెక్కను బుద్ధిపూర్వకముగా పెట్టిరో, చెప్పుటకు ఇంపుగా ఉండునని పెట్టిరో తెలియరాదు. కాని నేడు దేశదేశములలో నదుల ఒడ్డున అడుగబడుచున్న ప్రశ్న ఇదియే: ఒక మనిషి ఒక నీటినుండి ఎన్ని చేపలు తీసికొనవచ్చును? ఏ చేపలను తీసికొనవచ్చును? ఏ కాలమున, ఏ సాధనముతో తీసికొనవచ్చును?

గని సొమ్ము, నది సొమ్ము

ఈ ప్రశ్నను విచారించుటకు శ్రీరాంపూర్ వంటి చోటు మరియొకటి దొరకదు. అది మంచిర్యాల జిల్లాలో, గోదావరికి ఉత్తరపు వైపున ఉన్న బొగ్గు పట్టణము. నదికి దక్షిణమున రామగుండము, గోదావరిఖని కలవు. రెండు వైపులను వేలకొలది కుటుంబములు బొగ్గునే నమ్ముకొని బ్రతుకుచున్నవి. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు జాడ కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడి త్రవ్వకమునకు పూనుకొన్నది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయినది. నేడు దానిలో రాష్ట్ర ప్రభుత్వమునకు నూటికి 51 పాళ్ళు, కేంద్ర ప్రభుత్వమునకు 49 పాళ్ళు వాటా కలదు.

ఆ బొగ్గు సుమారు 25 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ లోయలో పెరిగిన అడవుల శేషము. ఒక టన్ను త్రవ్వి పైకి తెచ్చిన నాడు గనిలో ఒక టన్ను తరుగును. అది మరల పెరుగదు. కావుననే ప్రతి గనికిని ఒక ఆయుర్దాయము లెక్కకట్టి పని చేయుదురు. గని ఒకనాడు మూతపడుట ఎవరి అపరాధమును కాదు. అది ఆ సొమ్ము స్వభావము.

గని ప్రక్కనే ప్రవహించు గోదావరిలోని సొమ్ము అట్టిది కాదు. అందలి చేపలు ఏటేట పెరుగును. తల్లిచేపలు అసలు వంటివి. అవి కనిన పిల్లలు పెరిగి వలకు వచ్చుట వడ్డీ వంటిది. వడ్డీతో తృప్తిపడినవాడు తరతరములు తినును. అసలునే తినివేసినవాడు ఒక్కసారియే తినును. బొగ్గునేల మీద నివసించు బాలురకు ఈ భేదము తెలిసినంత స్పష్టముగా మరియెవరికిని తెలియజాలదు. చేపల వేటను గురించిన నీతి అంతయు ఒక్క మాటలో చెప్పవచ్చును: నదిని గని వలె త్రవ్వరాదు.

లక్షల గ్రుడ్లు ఉండగా లోటేమి?

ఇక్కడ చురుకైన విద్యార్థి ఒక ఆక్షేపణ చేయవచ్చును. రవ్వ, బొచ్చె, మ్రిగాల వంటి పెద్ద చేపలు తమ బరువులో కిలోకు సుమారు రెండు లక్షల చొప్పున గ్రుడ్లు పెట్టును. ఇన్ని గ్రుడ్లు పెట్టు జాతికి కొన్ని పట్టినంత మాత్రమున లోటు ఎట్లు కలుగును?

లోటు గ్రుడ్ల సంఖ్యలో లేదు. అవి పెట్టుటకు కావలసిన సమయములో, స్థలములో కలదు. ఈ చేపలు వేసవిలో లోతు మడుగులలో దాగి, వర్షములు పడి నది పొంగినంతనే ఎదురీది, వరద పారిన పలుచని నీటి అంచులకు చేరి గ్రుడ్లు పెట్టును. ఆ కొద్ది వారములు తప్పినచో ఆ సంవత్సరము తప్పినట్లే. ఎండకాలమున మిగిలిన మడుగులలో గుమిగూడినపుడు పట్టుట సులభము. వరదకు ఎదురు వచ్చునపుడు ఇరుకైన చోట అడ్డగించుట మరింత సులభము. అనగా చేప మిక్కిలి సులభముగా చిక్కు కాలమే దానిని పట్టరాని కాలము.

దానికి తోడు నేటి నది వెనుకటి నది కాదు. మంచిర్యాలకు ఎగువన 20 టి.ఎం.సి.ల నీటిని నిలుపు ఎల్లంపల్లి శ్రీపాద ప్రాజెక్టు, దిగువన సుందిళ్ళ ఆనకట్ట కలవు. నీటి మట్టము ఇపుడు వానలను మాత్రమే కాక ఆనకట్టల తలుపులను కూడ అనుసరించి పెరుగును, తరుగును. ఎదురీదవలసిన చేపకు గోడ అడ్డు వచ్చును. వడ్డీ తగ్గిన ఖాతానుండి వెనుకటి వలె ఖర్చు చేయుట వివేకము కాదు.

పరిమితులు ఐదు విధములు

లోకములో చేపల వేటకు విధింపబడు పరిమితులు అన్నియు ఐదు రకములలో ఇమిడిపోవును: సంఖ్య, పరిమాణము, కాలము, స్థలము, సాధనము. మనిషికి దినమునకు ఇన్ని అనునది సంఖ్యా నియమము. ఏడు చేపల కథలోనిది ఇదియే. ఇంత పొడవు లేని చేపను తిరిగి నీటిలో విడువవలెనన్నది పరిమాణ నియమము. వలకన్ను ఇంతకంటె చిన్నది కారాదనుటయు దానికే చేరును.

చిన్న చేపను విడువుమని చెప్పుటకు కారణము తేలికయే. ఒకసారియైనను పిల్లలను కనని చేపను పట్టుట మొలక దశలో పైరు కోయుట వంటిది. సత్యవ్రతుడను రాజు నదిలో తర్పణము విడుచుచుండగా దోసిటిలోనికి వచ్చిన చిన్న చేప తన్ను పెద్ద చేపలకు బలి కానీయవద్దని వేడుకొన్నదనియు, రాజు దానిని కమండలమునందును, తరువాత పెద్ద జలములయందును ఉంచి కాపాడగా, అదియే మహామత్స్యమై ప్రళయ కాలమున అతని నావను దరిజేర్చినదనియు భాగవతము చెప్పుచున్నది. దోసిటిలో పట్టునంతటి చేపను విడిచినందువలన లోకము నిలిచినదన్న ఆ కథాభావము మత్స్యశాస్త్రజ్ఞునకును సమ్మతమే.

చిన్నదానిని విడువవలెనన్నంతనే పెద్దదానిని నిస్సందేహముగా ఉంచుకొనవచ్చునని తోచును. విజ్ఞానశాస్త్రము ఇక్కడ ఒక సవరణ చేసినది. 2018లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 342 జాతుల సముద్రపు చేపలను పరీక్షించి చూడగా, నూటికి 95 జాతులలో, తల్లి బరువు రెండింతలైన గ్రుడ్లు రెండింతలకంటె హెచ్చుగా పెరుగునని తేలినది. అట్లాంటిక్ సముద్రపు కాడ్ అను చేప 30 కిలోల తల్లి యొక్కటి, రెండేసి కిలోల తల్లులు 28 కలిసి పెట్టిన గ్రుడ్లకంటె ఎక్కువ పెట్టును. ఈ ఇరువదియెనిమిదింటి బరువు 56 కిలోలు! అంకగణితము చెప్పు ఉపాధ్యాయునికి ఇది మంచి లెక్క. మిక్కిలి పెద్ద తల్లిచేపను త్రాసులోనికి ఎక్కించి గర్వించువాడు తన ఊరి నీటికి ఎంత నష్టము చేసెనో ఈ లెక్క చెప్పును. ఇందుచేతనే కొన్ని దేశములలో మరీ చిన్నవానిని, మరీ పెద్దవానిని విడిచి నడిమి పరిమాణముగల చేపలను మాత్రమే ఉంచుకొనవలెనని నియమించిరి.

స్థల నియమమునకు ఉదాహరణము శ్రీరాంపూరునకు దూరము పోనక్కరలేదు. గోదావరి ఒడ్డున, మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల సరిహద్దున, 1978లో శివ్వారము అభయారణ్యము ఏర్పడినది. సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముగల ఈ తావు ముఖ్యముగా మొసళ్ళ రక్షణకై నిర్ణయింపబడినది. మొసలి బ్రతుకవలెనన్న చేప ఉండవలెను గదా! ఒక జలభాగమును మనిషి తాకకుండ విడిచినచో అందు పెరిగిన చేపలు తక్కిన నదికి విత్తనమగును. దేవుని పేర ఒక తోపును గొడ్డలి తాకనీయక విడిచిన పెద్దలకు ఈ యుక్తి క్రొత్తది కాదు.

మృగశిర కార్తెనాటి చిక్కు

కాల నియమము మాత్రము తెలంగాణమున ఒక ప్రియమైన ఆచారముతో ముడిపడినది. జూన్ 7, 8 తేదీల ప్రాంతమున మృగశిర కార్తె ప్రవేశించును. ఆనాడు చేప తినినచో వానకాలపు రోగములు దరిచేరవని నమ్మకము. బీదయింట సైతము ఆనాడు చేపల కూర ఉడుకును. అంగడిలో వెల ఆకాశమున కెక్కును. తూర్పు సముద్రమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యాంత్రిక పడవల వేట నిషిద్ధము గనుక సముద్రపు చేప ఆనాటికి అరుదు. బరువంతయు లోపలి జలముల మీద పడును. సరిగా ఆ వేళకే నదిలోని తల్లిచేపలు గ్రుడ్లతో నిండి వరద కొరకు వేచియుండును.

అట్లయిన మృగశిరనాడు చేప తినుట మానవలెనా? మానవలసిన పనిలేదు. చెరువు వేరు, నది వేరు అని తెలిసికొనిన చాలును. రవ్వ, బొచ్చె, మ్రిగాల నిలువ నీటి చెరువులలో సామాన్యముగా గ్రుడ్లు పెట్టవు. వాటి పిల్లలను బయటినుండి తెచ్చి చెరువులో వదలవలసినదే. పూర్వము ఆ పిల్లలను నదులనుండియే ఏరి తెచ్చెడివారు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి చేప మెదడు క్రింది గ్రంథి రసమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థుడయ్యెను. నాటినుండి చేప విత్తనము కేంద్రములలో తయారగుచున్నది. జూలై 10 ఇపుడు జాతీయ మత్స్య రైతు దినము. తెలంగాణ ప్రభుత్వము 2016లో చెరువులకు ఉచితముగా చేపపిల్లలను ఇచ్చు పథకము ప్రారంభించినది.

కావున చెరువులో వేసి పెంచిన బొచ్చె పొలములో వేసి పెంచిన వరి వంటిది. నీరు తరిగిన వేసవిలో సహకార సంఘము వారు వల లాగి అంతయు పట్టుకొనినను దోషము లేదు; పట్టకున్నచో ఎండిన చెరువులో చచ్చును. మృగశిరనాటి పళ్ళెమునకు ఆ చేప తగినది. అదే దినమున నదిలో ఎదురీదు రవ్వను పట్టుట విత్తనపు వడ్లను దంచి తినుట వంటిది. రెండును చూచుటకు ఒకే చేప; అంగడిలో ఒకే వెల. ధర్మము మాత్రము వేరు.

కొర్రమీను కాపురము

చెరువులోనే కాపురముండి, చెరువులోనే పిల్లలను పెంచు చేప కొర్రమీను. దీనిని కొర్రమట్ట అనియు అందురు. తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించినది. అంగడిలో దీని వెల తక్కిన చేపలకంటె హెచ్చు. గాలి పీల్చగలదు గనుక బుట్టలో చాలసేపు ప్రాణముతోనుండును.

లక్షల గ్రుడ్లు పెట్టి వరదకు వదలి పోవునట్టి చేప కాదిది. దీని గ్రుడ్లు కొన్ని వేలే. ఒడ్డు చేరువ కలుపు మొక్కల నడుమ నీటిని శుభ్రపరచి గూడు చేసికొనును. తేనెవన్నె గ్రుడ్లు నీటిపై తేలును. ఒకటి రెండు దినములలో పిల్లలు బయటపడును. ఎర్రని నారింజవన్నెతో అవి ఒకే గుంపుగా నీటి పైకి వచ్చుచు, మునుగుచు తిరుగుచుండగా తల్లిదండ్రులు క్రిందనే కావలి కాచుచుండును. కప్ప వచ్చినను, పాము వచ్చినను, మనిషి చేయి వచ్చినను ఎదురు దూకును. ఇట్లు వారములు గడచును.

గాలము వేయువారికి ఈ సంగతి బాగుగా తెలియును. ఎర్రని గుంపు కనబడినచో దాని క్రింద పెద్ద కొర్రమీను కలదన్నమాటయే. ఆ గుంపు మీదుగా ఎరను లాగినంతనే తల్లియో తండ్రియో కోపముతో కరచును. అది ఆకలితో కరచినది కాదు. బిడ్డల మీది భయముతో కరచినది. అట్లు దొరికిన చేప ఒక్కటియే, పోయినది గుంపంతయు. కావలి తప్పిన గడియనుండి ఆ పిల్లలు తక్కిన చేపలకును కొంగలకును ఆహారమగును. లెక్కలో ఒక్క చేప, ఫలములో ఒక చెరువు సంతతి. సంఖ్యా నియమము ఒక్కటియే చాలదనుటకు ఇంతకంటె దృష్టాంతము లేదు. ఎర్రని గుంపు క్రిందనున్న కొర్రమీనును విడువవలెనన్నది ఏ చట్టమును చెప్పనక్కరలేని నియమము.

అశోకుని స్తంభము, సోమేశ్వరుని గ్రంథము

వేటకు హద్దు విధించుట పాశ్చాత్యులనుండి నేర్చిన విద్య యని కొందరు తలంతురు. అది పొరపాటు. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకము తరువాత 26 ఏండ్లకు చెక్కించిన ఐదవ స్తంభ శాసనమున చంపరాని జంతువులను పేర్కొనుచు కొన్ని రకముల చేపలను కూడ చేర్చెను. పౌర్ణమి, అమావాస్య మొదలగు నిర్ణీత దినములలో చేపలను చంపరాదు, అమ్మనురాదు అని విధించెను. ఆరు నెలలు నిండని పిల్ల జంతువులను, కడుపుతోనున్నవానిని, పాలిచ్చువానిని కొన్నింటిని చంపరాదనెను. జాలరులకు విడిచిన జలములలోను ఆ దినములందు ఇతర ప్రాణులను చంపరాదని చేర్చెను. కాలము, పరిమాణము, స్థలము అను మూడు నియమములును రెండువేల రెండువందల యేండ్లకు పూర్వమే రాతిపై కెక్కినవి. ఆ చక్రవర్తి శిలాశాసనములు తెలుగునేల మీద కర్నూలు జిల్లా ఎర్రగుడి యందు నేటికిని చూడవచ్చును.

చేపలవేటకు మార్గదర్శక గ్రంథము కూడ ఈ నేలకు క్రొత్త కాదు. కాకతీయులు తొలుత ఎవరికి సామంతులుగా నుండిరో ఆ కల్యాణి చాళుక్యుల వంశమున మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున సంస్కృతమున మానసోల్లాసమను గ్రంథమును రచించెను. అందు మత్స్యవినోదమను భాగము కలదు. సుమారు 35 రకముల చేపలను, వాని తావులను, గాలపు త్రాటిని, కర్రను, ఏ చేపకు ఏ ఎర తగునో అను సంగతిని రాజు విస్తరించి వ్రాసెను. చేపలకు మేత పెట్టి పెంచు విధము సైతము అందు కలదు. భారత జంతుశాస్త్ర పరిశోధన సంస్థకు అధిపతిగా నుండిన సుందర్‌లాల్ హోరా 1950 ప్రాంతమున అశోకుని శాసనమును, ఈ మత్స్యవినోదమును శాస్త్రదృష్టితో పరిశీలించి వ్యాసములు ప్రకటించెను.

తూటా

ఆంగ్లేయుల కాలమున 1873లో రెండు పుస్తకములు వెలువడినవి. ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు భారత, బర్మా దేశముల మంచినీటి చేపలను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. మద్రాసు రాజధానిలో కలెక్టరుగా నుండిన హెన్రీ సలివన్ థామస్ గాలపు వేట మీద ఒక పెద్ద గ్రంథము వ్రాసెను. ఒకరు శాస్త్రజ్ఞుడు, ఒకరు వేటగాడు. ఇరువురును పిల్లచేపల వినాశమును చూచి కలత చెందినవారే. తుదకు 1897లో భారత మత్స్య శాసనము వచ్చినది. నీటిలో ప్రేలుడు పదార్థము వేసి గాని, విషము కలిపి గాని చేపలను చంపుట అందు నేరముగా నిర్ణయింపబడినది. రెండు నెలల వరకు ఖైదు, లేదా నాటి 200 రూపాయల వరకు జుల్మానా శిక్ష. వలకన్నుల పరిమాణము నిర్ణయించుటకును, ఒక జలభాగమున రెండేండ్లవరకు వేటను పూర్తిగా ఆపుటకును ప్రభుత్వములకు అధికారము ఇచ్చిరి. నైజాము పాలనలోనుండిన తెలంగాణ ప్రాంతమునకు తరువాత మత్స్య శాసనము వేరుగా ఏర్పడినది.

ఈ శాసనములో సాధనమును గూర్చిన మాట బొగ్గునేలకు మరింత వర్తించును. తూటా యనగానేమో, అది బండను ఎట్లు పగులగొట్టునో ఇక్కడి పిల్లలకు చెప్పనక్కరలేదు. బండకు ఉపయోగించు మందును నీటికి ఉపయోగించుట దేశమున పలుచోట్ల కలదు. నీటిలో తూటా ప్రేలినపుడు ఒత్తిడి అల క్షణములో నలుదెసల పరుగెత్తి చేప కడుపులోని గాలితిత్తిని పగులగొట్టును. చచ్చినవానిలో కొన్ని మాత్రమే పైకి తేలును. అనేకము అడుగున పడి కుళ్ళును. చిన్నది, పెద్దది, గ్రుడ్లతోనున్నది, గ్రుడ్డు, చేప తిను పురుగు – దేనికిని మినహాయింపు లేదు. విసిరినవాని చేయియే తెగిపోవుటయు పలుమారు జరిగినది. మంగకాయ దంచి మడుగులో కలుపుటయు, కరెంటు తీగ నీటిలో వేయుటయు, దోమతెరను వలగా లాగుటయు ఈ కోవలోనివే. గాలము ఒక చేపను ఎన్నుకొనును. వలకన్ను ఒక పరిమాణమును ఎన్నుకొనును. తూటా దేనిని ఎన్నుకొనదు. నదిని గని వలె త్రవ్వుట యన్న మాటకు అక్షరార్థము ఇదియే.

కావేరి నేర్పిన పాఠము

పట్టి విడుచుట అను పద్ధతి ఈ దేశమున కావేరి తీరమున ప్రసిద్ధి కెక్కినది. కర్ణాటకమున 1972లో ఏర్పడిన దక్షిణ భారత వన్యప్రాణి సంఘము నదిలో కొంత భాగమును కాపాడుటకు పూనుకొన్నది. అక్కడ మహసీర్ అను మహామత్స్యమును గాలముతో పట్టి, తూచి, తిరిగి నీటిలో విడువవలెనన్నది నియమము. వేటకై వచ్చువారికి దారిచూపు మార్గదర్శులుగా, అంతకు పూర్వము తూటాలు వేసి దొంగచాటుగా చేపలు పట్టినవారినే కొందరిని కుదుర్చుకొనిరి. ఏ మడుగున ఏ వేళ చేప తిరుగునో వారికంటె తెలిసినవా రెవరు? చచ్చిన చేప ఒక్కసారియే కూలి ఇచ్చును, బ్రతికిన చేప ఏటేట కూలి ఇచ్చునని తెలిసినంతనే వారే నదికి కావలివారైరి. అభయారణ్యములలో గాలపు వేట 2012 ప్రాంతమున ఆగిపోయినది.

ఆ శిబిరములలో ఒకదానియందు 1998 నుండి 2012 వరకు ప్రతి చేపను పుస్తకమున వ్రాసియుంచిరి. ఆ పుస్తకములను శాస్త్రజ్ఞులు 2015లో పరిశీలించి ప్రకటింపగా ఒక విపరీతము బయటపడినది. చిక్కిన మహసీర్ల సంఖ్య మొత్తము మీద పెరిగినది. కాని కావేరికే చెందిన మూపురపు మహసీర్ దాదాపు మాయమైనది. దాని చోట పెరిగినది నీలి రెక్కల మహసీర్. అది దక్కను నదుల చేప. నదికి మేలు చేయుచున్నామన్న తలంపుతో కేంద్రములలో పెంచి తెచ్చి కావేరిలో విడిచిన జాతి. 2018లో మూపురపు మహసీర్‌ను అంతర్జాతీయ సంస్థ అత్యంత ప్రమాద స్థితిలోని జాతిగా ప్రకటించినది. ఉంచుకొనుటకు వలెనే విడుచుటకును విచక్షణ కావలెనని ఇందువలన తెలియుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2000లో నిషేధించిన ఆఫ్రికా జెల్ల జాతి చేపను జాలితో నదిలో వదలినవాడు ఒక ప్రాణమును కాచి వేయి ప్రాణములను తీసినవాడగును.

పట్టి విడుచుట యందే మరియొక సందేహము కలదు. కేవలము వినోదమునకై చేప నోటికి గాలము గ్రుచ్చి, ఆయాసపరచి విడుచుట దయ యగునా? స్విట్జర్లాండు దేశము 2009 నుండి, విడుచు ఉద్దేశముతోనే చేపను పట్టుట తగదని శాసించినది. తినదగిన చేపను పట్టి, బాధ లేకుండ వెంటనే చంపి, తినవలెనన్నది అక్కడి న్యాయము. అమెరికాలోని కొన్ని నదులలో విడువకుండుట నేరము. ఇక్కడ విడుచుటకై పట్టుట నేరము. చూచుటకు పరస్పర విరుద్ధములుగా తోచినను రెండు నియమముల వెనుకను ఒక్క తలంపే కలదు: చేప ప్రాణము అగ్గువ కాదు. తీసికొనినచో అవసరమునకు తీసికొనవలెను. అవసరము లేనిచో ముట్టరాదు.

పరిమితి ఎవరికి?

ఇంతవరకు చెప్పిన నియమములు అందరికిని ఒకే విధముగా వర్తింపవు. గంగపుత్రులు, ముదిరాజులు మొదలగు మత్స్యకారులకు చేప వినోదము కాదు, అన్నము. వేట ఆపు నెలలలో వారి పొయ్యి ఎట్లు వెలుగవలెనన్నది ఆలోచింపక చట్టము చేయుట సులభము, న్యాయము కాదు. అందుచేతనే సముద్ర తీరమున నిషేధ కాలమునకు భృతి ఇచ్చు ఏర్పాటులు కలిగినవి. నదిలో పుట్టి మీద తిరుగువానికిని అట్టి ఆలోచన అవసరము.

మరియొక సంగతి. ఒక బీదవాడు చిన్న వలతో పట్టు చేపలకంటె, నదిలోనికి వచ్చు మురుగు, హద్దు మీరిన ఇసుక త్రవ్వకము, వేళగాని వేళ దించబడు నీరు ఎక్కువ చేపలను చంపగలవు. గ్రుడ్లు పెట్టు ఇసుక దిబ్బ పోయిన తరువాత వలకన్ను కొలిచి ప్రయోజనమేమి? పరిమితి వలకు మాత్రమే కాదు, తలుపునకును, తూమునకును, పారకును ఉండవలెను. అయినను పెద్దవారు హద్దు మీరుచున్నారను కారణమున చిన్నవాడు తన హద్దు విడువరాదు. సెలవు దినమున గాలము పట్టుకొని ఒడ్డున కూర్చుండు గని కార్మికునకు, అతని కొడుకునకు ఎన్ని చేపలు చాలునో వారికే తెలియును. ఆ పూట కూరకు చాలినన్ని చాలును.

బడిలో చేపల పుస్తకము

ఈ విషయమున పాఠశాలలు చేయగలిగిన పని యొకటి కలదు. దానికి ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఒక కొలబద్ద చాలును. కావేరి ఒడ్డున వేటగాండ్రు వ్రాసియుంచిన పుస్తకమువలననే ఒక జాతి నశించుచున్నదని లోకమునకు తెలిసినది. అట్టిది గోదావరి ఒడ్డు బడులలో ఏల ఉండరాదు? ఏ తేదీన, ఏ తావున, ఏ చేప, ఎన్ని అంగుళములు, గ్రుడ్లు కలవా లేవా, ఉంచుకొనిరా విడిచిరా – ఆరు గడుల పట్టిక. ఒడ్డునకు చేరు మత్స్యకారులను గౌరవముగా అడిగి పిల్లలు వ్రాయవచ్చును. వారికంటె మంచి మార్గదర్శులు వేరెవ్వరును లేరు. ఏ చేపను ఏ పేరుతో పిలుతురో, అది ఏ కార్తెలో ఏ మడుగు చేరునో వారు నోటితో చెప్పు జ్ఞానము ఇంకను పూర్తిగా అచ్చుకెక్కలేదు.

తెలుగు ఉపాధ్యాయునికి అందు పేర్లు దొరకును. లెక్కల ఉపాధ్యాయునికి సరాసరులు దొరకును. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునికి ఋతువులు దొరకును. ఐదారేండ్లు వ్రాసిన తరువాత ఆ పుస్తకము తిరుగవేసినచో చేప పొడవు ఏటేట తగ్గుచున్నదో పెరుగుచున్నదో పదవ తరగతి విద్యార్థి చెప్పగలడు. తగ్గుచున్నచో అసలు కరగుచున్నదని అర్థము. అది తెలిసిన ఊరు తన హద్దును తానే నిర్ణయించుకొనగలదు. అట్లు నిర్ణయించుకొనిన హద్దును దాటుటకు ఎవరికిని చేయి రాదు.

శ్రీరాంపూర్ గనులలో నేడు పని చేయుచున్నవారి మనుమల నాటికి బొగ్గు ఎంత మిగులునో లెక్క కట్టి చెప్పువారు కలరు. గోదావరిలో చేప ఎంత మిగులునన్నది మాత్రము లెక్కలో లేదు. అది ఒడ్డున నిలిచినవాని చేతిలో, వలను పైకెత్తి ఏది ఉంచుకొనవలెను, ఏది విడువవలెనని అతడు ఆలోచించు ఆ ఒక్క నిమిషములో కలదు.